మొదటి వాయి

వెండెల్ హాస్కిన్స్ మా బడికి కాపలాదారు కాదు, మేస్త్రీ కాదు, మాస్టారు అసలే కాదు. పొద్దున్నే తాళాలు తీసేవాడు, నేల తుడిచేవాడు, చలికాలం హీటరు మొరాయిస్తే దాని సంగతి చూసేవాడు, పిల్లలు చేసిన మట్టి బొమ్మలు బట్టీలో పెట్టి కాల్చేవాడు. ఇన్ని పనులకూ కలిపి ఆఫీసు కాగితాల్లో కస్టోడియన్ అని ఒక్క మాట ఉండేది. ఆ కాగితాలు రాసింది నేనే. పేరు మార్జీ డోనెగన్. పదిహేనేళ్ళు ఆ బడి ముందు గదిలో గుమాస్తాగా కూర్చున్నాను. నా నోరు ఎలాంటిదో మా కార్వర్స్ బెండ్‌లో ఎవరిని అడిగినా చెబుతారు.

వెండెల్ అంతకు ముందు ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊళ్ళోని పింగాణీ ఫ్యాక్టరీలో బట్టీ దగ్గర పనిచేశాడు. పంతొమ్మిదో ఏట చేరాడు, యాభయ్యో ఏట ఫ్యాక్టరీ మూతపడితే బయటికొచ్చాడు. బట్టీవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. కొత్త బట్టీ వెలిగించినా, పాతదాన్ని మరమ్మతు చేసి వెలిగించినా, మొదటి వాయిలో కంపెనీ సరుకు పెట్టకూడదు. కాల్చేవాడు తన సొంత వస్తువు పెట్టుకోవాలి. మొదటి వాయి పగలకుండా రావడం అరుదు. "పోతే మనది పోవాలి" అనేవాళ్ళు. మా నాన్నా ఆ పనే చేశాడు కాబట్టి ఈ మాట నేను ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ విన్నాను. విని ఏం లాభం, బుర్రకెక్కాలి కదా.

ఫ్యాక్టరీ మూతపడ్డ నాలుగేళ్ళకు, దాని సరుకు చూపించే పాత ఇటుకల భవనంలోనే మా బడి పెట్టారు. బొమ్మలూ కంప్యూటర్లూ కలిపి నేర్పే చార్టర్ బడి. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా. ఫీజు లేదు, ప్రభుత్వ డబ్బుతోనే నడుస్తుంది. కానీ ఐదేళ్ళకోసారి పైవాళ్ళ ముందు నిలబడి మళ్ళీ అనుమతి తెచ్చుకోవాలి. భవనం అద్దెది, అనుమతి గడువుది. మాదని చెప్పుకోడానికి పిల్లలు తప్ప ఏమీ లేదు.

మా పిల్లలు ఒక చేప గీస్తే ముందు కాగితం మీద గీసేవాళ్ళు, తర్వాత మట్టితో చేసేవాళ్ళు, ఆ తర్వాత దాన్నే కంప్యూటర్లో తిప్పి తిప్పి చూసి ప్లాస్టిక్‌తో అచ్చు తీసేవాళ్ళు. ఆ అచ్చు యంత్రాన్ని వెండెల్ మొదట్లో పురుగును చూసినట్టు చూశాడు. బడికి కొన్న కరెంటు బట్టీని కూడా నమ్మలేదు. వేడి దానంతటదే చూసుకుంటుంది, బొత్తాం నొక్కితే చాలని బొమ్మల టీచరు ఎంత చెప్పినా వినలేదు.

"దీనికింకా మన గాలీ మన మట్టీ అలవాటు లేదమ్మా" అని, మొదటి రోజు దాన్లో తన కాఫీ మగ్గు ఒక్కటే పెట్టి కాల్చాడు. అది ఫ్యాక్టరీలో ఆఖరి రోజున తన చేత్తో చేసుకున్న మగ్గు. సాయంత్రం తీసి చూస్తే పిడి ఊడిపోయి ఉంది. టీచరు నొచ్చుకుంది. వెండెల్ మాత్రం తృప్తిగా తలాడించి, రెండో అర కింద వేడి ఎక్కువగా ఉందని చెప్పి, మర్నాటి నుంచి పిల్లల బొమ్మలు పెట్టాడు. పిడి లేని మగ్గు నా బల్ల మీద పెన్సిళ్ళకు పనికొచ్చింది.

ఐదో తరగతి పిల్లలు బడి వదిలే ముందు ఒక్కొక్కరు ఒక్కో మట్టి పలక చేసి వెళ్ళాలని మొదటి ఏడే ఆనవాయితీ పెట్టుకున్నాం. జానెడు పలక. మీద ఏ బొమ్మైనా సరే, కింద పేరు. వాటిని పొడవాటి వసారా గోడకు పెట్టాలి. ఎలా పెట్టాలన్న దగ్గర మా ప్రిన్సిపల్ ఆల్థియా రోకూ వెండెల్‌కూ మాటామాటా వచ్చింది.

"వెండెల్ గారూ, ఇది అద్దె కొంప. ఐదేళ్ళ తర్వాత ఉంటామో లేదో నాకే తెలీదు. చెక్కలకి అతికించి కొక్కేలకి తగిలిద్దాం. వెళ్ళాల్సొస్తే తీసుకుపోవచ్చు."

"కొక్కేనికి తగిలిస్తే అది కేలండరవుద్ది, పలక కాదు."

"మరి వెళ్ళాల్సొస్తే?"

"బడి పెట్టిన ఏడే పోయే మాటేంటమ్మా? పిల్లలు వింటే ఏమనుకుంటారు? నేను పెడతా చూడండి. బిల్డింగు పడిపోయినా పలక ఊడదు."

అన్నంత పనీ చేశాడు. ఇటుక గోడ మీదే నేరుగా గట్టి సిమెంటు వేసి, పలక వెనక గీతలు గీసి మరీ పెట్టాడు. పింగాణీ ఫ్యాక్టరీలో పనిచేసినవాడు ఊడదీయడానికి ఏదీ పెట్టడు. పెట్టడమే వాళ్ళకు తెలుసు. ఆల్థియా చెప్పింది నిజమని నాకు అప్పుడే తోచింది. కానీ ఆ గోడ అంత అందంగా ఉంటే ఎవరికి నోరొస్తుంది?

ఆ మొదటి ఏటి పంతొమ్మిది పలకల్లో వెండెల్ కూతురు కెల్సీది ఒకటి. వాడి నలభై నాలుగో ఏట పుట్టిన పిల్ల. పిల్లకు నాలుగేళ్ళప్పుడే తల్లి జబ్బు చేసి పోయింది. పిల్లను తండ్రే పెంచాడు, ఆదివారాలు నది ఒడ్డుకు తీసుకెళ్ళి గాలం వేయడం నేర్పాడు. కెల్సీ తన పలక మీద జెల్ల చేపను చేసింది. మీసాలు సరే, దానికి పొడుగాటి రెప్ప వెంట్రుకలు కూడా పెట్టింది. క్లాసులో పిల్లలు నవ్వారు.

"జెల్లకి రెప్ప వెంట్రుకలుండవే."

"మా నాన్న పట్టే జెల్లలకి ఉంటాయి" అంది కెల్సీ.

ఆ పిల్ల పంతొమ్మిదో ఏట కారు ప్రమాదంలో నడుము దెబ్బతింది. నొప్పికని ఇచ్చిన మత్తు మాత్రలు అలవాటైపోయి, నొప్పి పోయాక కూడా పోలేదు. మా ఊళ్ళో ఈ కథ వీధికొకటి ఉంది, విడమరిచి చెప్పక్కర్లేదు. వాటి కోసం ఇంట్లో తల్లి ఉంగరం పోయింది, టీవీ పోయింది, గాలాలు పోయాయి. చిన్నప్పటి అట్టపెట్టెలన్నీ తీసుకుని వేరే అద్దె గదిలోకి వెళ్ళింది. అక్కణ్ణుంచి ఖాళీ చేయించినప్పుడు ఆ పెట్టెలు రోడ్డు పక్కన పడేశారు, వెండెల్ వెళ్ళేసరికి రెండు రోజుల వాన తిని ఉన్నాయి. ఇరవై రెండో ఏట ఆ మాత్రలే మింగి కెల్సీ చనిపోయింది.

చావు కార్యక్రమం అయిన మూడో రోజునే వెండెల్ పనిలోకి వచ్చాడు. ప్రతి శుక్రవారం గోడ మీది పలకలన్నీ తడిగుడ్డతో తుడవడం వాడి అలవాటు. అప్పటి నుంచీ అవతలి కొస నుంచి మొదలుపెట్టి, జెల్ల చేప దగ్గర ముగించేవాడు. ఒకసారి నేను కాఫీ తీసుకెళ్ళి ఇస్తే గుడ్డ చేత్తో పట్టుకునే తాగాడు.

"మా కెల్సీ చేత్తో చేసినవాటిలో ఇదొక్కటే మిగిలింది మార్జీ. అంత గట్టిగా పెట్టాను కాబట్టి మిగిలింది" అన్నాడు.

ఖాళీ కప్పు అందుకుని నా బల్ల దగ్గరికి వెళ్ళిపోయాను.

పదిహేనో ఏట అనుమతి గడువు మళ్ళీ వచ్చింది. ఊళ్ళో జనం తగ్గారు, పిల్లలు తగ్గారు, పరీక్షల్లో మార్కులూ తగ్గాయి. మార్చి నెలలో పైవాళ్ళు వచ్చి మా భోజనాల గదిలోనే కూర్చున్నారు. మాట్లాడదలుచుకున్నవాళ్ళకు తలా మూడు నిమిషాలు. తల్లులు ఏడ్చారు, ఆల్థియా లెక్కలు చూపించింది. వెండెల్ టోపీ తీసి చేత్తో పట్టుకుని లేచాడు.

"ఆ గోడనేం చేస్తారు?" అన్నాడు.

"భవనం సంగతి మా పరిధిలో లేదండీ" అంది మధ్యలో కూర్చున్నావిడ, మర్యాదగానే.

వెండెల్ తనకిచ్చిన మిగతా రెండున్నర నిమిషాలూ వాడుకోకుండా కూర్చున్నాడు. ఏప్రిల్లో ఉత్తరం వచ్చింది. జూన్‌తో బడి ఆఖరు. భవనం యజమాని జూలైలో దాన్ని పడగొట్టించి గోదాము కట్టుకుంటానన్నాడు. "గోడ ఎలాగూ పడేదే, ఈలోగా మీకేం కావాలో పీక్కోండి" అన్నాడు.

అప్పుడు మొదలయ్యాయి ఫోన్లు. మా వాడి పలక, మా అమ్మాయి పలక, మా తమ్ముడు పోయాడండీ వాడి పలక. పద్నాలుగేళ్ళవి మూడు వందల పన్నెండు. జాబితా నా దగ్గరే ఉంది, అందరికీ సరేనన్నాను. సరేననడం తేలిక. ఐదో తరగతి పిల్లలు కెమెరాలు పట్టుకుని ఒక్కో పలకనూ నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి కంప్యూటర్లో దాచారు. పగిలితే కనీసం బొమ్మన్నా మిగులుతుందని వాళ్ళ ఆలోచన. పిల్లల నోట పగిలితే అన్న మాట విని వెండెల్ మొహం నల్లబడింది.

ఆల్థియా మాత్రం నేను అప్పుడే చెప్పానుగా అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. నేనైతే అనేదాన్ని.

జూన్ మొదటి శుక్రవారం సాయంత్రం, పిల్లలు వెళ్ళాక, వెండెల్ నా బల్ల ముందు నిలబడ్డాడు. డెబ్బైకి ఒక్క ఏడు తక్కువ మనిషి. చేతిలో సన్నటి ఉలి, గుడ్డ చుట్టిన సుత్తి.

"అంత గట్టిగా పెట్టి నేనే తప్పు చేశాను మార్జీ" అన్నాడు. "ఆ సిమెంటు రాయైపోయింది. ఎట్లా వస్తుందో చెయ్యి పెడితేగాని తెలీదు."

"అయితే ముందు అంత ముఖ్యం కానిదాని మీద చెయ్యి పెట్టు."

"ఏదది?"

"ఏదో ఒకటి. ఊరొదిలి పోయినవాళ్ళ పిల్లల్ది. ఫోన్ చెయ్యనివాళ్ళది."

"పేరు చెప్పు. జాబితా నీ దగ్గరుందిగా."

జాబితా తెరిచాను. పేర్ల మీద వేలు పెట్టుకుంటూ వెళ్ళాను. ఇదిగో, ఈ కుర్రాడు రోజూ ఆలస్యంగా వచ్చి నా దగ్గర చీటీ రాయించుకునేవాడు. ఈ పిల్లకు బడిలోనే పన్ను ఊడింది, నేనే కాగితంలో చుట్టి ఇచ్చాను. ఈ కవలల్లో ఒకడు సైన్యంలోకి వెళ్ళాడు. రెండో పేజీ తిప్పాను, మూడోది తిప్పాను. మా మనవరాలు టెస్సా పేరు వచ్చింది. జాబితా మూసేశాను.

"నీ పని, నువ్వే చూసుకో. నన్నెందుకు చంపుతావ్?" అన్నాను.

"సరేలే" అన్నాడు వెండెల్. కోపంగా అనలేదు. శనివారం పొద్దున వస్తాననీ, ఎవరూ రావద్దనీ చెప్పి వెళ్ళిపోయాడు.

సోమవారం నేను వెళ్ళేసరికి వసారాలో నేలంతా ఎర్రటి పొడి. ఆఖరి వరసలో కింది నుంచి పద్నాలుగు పలకలు ఊడి, బల్ల మీద దుప్పటి పరిచి పెట్టి ఉన్నాయి. ఒక్కదానికీ అంచు కూడా పోలేదు. ప్రాణం లేచొచ్చింది. తర్వాత మొదటి వరస వైపు చూశాను. అక్కడ ఒక్కటే ఖాళీ ఉంది. అటు పద్దెనిమిదీ గోడకే ఉన్నాయి. జెల్ల చేప లేదు.

ఇప్పుడు నేను చెప్పబోయేది నాకు సిగ్గుచేటు. అయినా చెప్పాలి. మా టెస్సా పలక మధ్య వరసలో ఎక్కడో ఉంది, అది వస్తుందో రాదో అని రెండు రాత్రులు నాకు నిద్ర లేదు. వీడు మాత్రం తన పిల్లది చక్కగా ముందే తీసి ఇంటికి పట్టుకుపోయాడనుకున్నాను. టీచర్లంతా కాఫీ తాగుతున్న గదిలోకి వెండెల్ వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇటుక పొడి అనుకున్నాను.

"వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనంటారు. ఈయన మొదటి బంతిలోనే కూర్చున్నాడు" అన్నాను, అందరికీ వినపడేలా.

ఒకరిద్దరు నవ్వారు. ఆల్థియా నవ్వలేదు.

"అవును, మొదట అదే తీశాను" అన్నాడు వెండెల్. కాఫీ పోసుకుని, పంచదార కలుపుకుని, మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళిపోయాడు.

మూడు వారాలు పట్టింది. వాడు పని చేసే పద్ధతి నేను రోజూ చూశాను. పలక జోలికి పోలేదు, సిమెంటు జోలికీ పోలేదు. పలక చుట్టూ సందు చేసి, దాని వెనకున్న పాత ఇటుకను ఉలితో కొద్దికొద్దిగా తొలిచేవాడు. వందేళ్ళ ఇటుక, మెత్తగా పొడి రాలేది. వెనకంతా బోలైపోయాక పలక దానంతటదే వాడి అరచేతిలోకి వాలేది, సిమెంటుతో, దానికంటుకున్న ఎర్రటి ఇటుక చెక్కతో సహా. నిజంగానే పలక ఊడలేదు. గోడే ఊడి పలకతో వచ్చింది.

"ఈ కిటుకు ఎప్పుడు తట్టింది?" అనడిగాను ఒకరోజు.

"రెండో దానికి" అన్నాడు.

అప్పుడన్నా నాకు వెలగాలి. వెలగలేదు. టెస్సా పలక ఇంకా గోడ మీదే ఉంది.

జూన్ ఆఖరి శనివారం జనం వచ్చారు. కొందరు నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చారు. గడ్డాలు పెరిగిన కుర్రాళ్ళు, చంకలో పిల్లలున్న అమ్మాయిలు తమ పదకొండో ఏటి పలకలు పట్టుకుని నిలబడ్డారు. పేర్లు పిలుస్తూ జాబితాలో టిక్కులు పెట్టాను. టెస్సా తన పలక అందుకుని వెనక్కి తిప్పి చూసి, "ఇదేంటి నానమ్మా, ఇటుక అంటుకుంది?" అంది. "మీ బడే అంటుకుంది, ఉండనీ" అన్నాను.

రానివాళ్ళవి మూడు నాలుగు చుట్టుపక్కలవాళ్ళే పట్టుకెళ్ళారు. సాయంత్రానికి మూడు వందల పదకొండు టిక్కులు పడ్డాయి. మిగిలింది ఒక్కటే. కెల్సీ హాస్కిన్స్.

వెండెల్ ఖాళీ గోడ ముందు చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇంకో నాలుగు రోజుల్లో పడగొట్టే ఇంటిని ఊడుస్తున్నాడు.

"నీది ముట్టినట్టు సంతకం పెట్టవయ్యా, ఈ జాబితా మూసేస్తాను" అన్నాను.

చీపురు గోడకు ఆనించి తన గదిలోకి వెళ్ళి, మధ్యాహ్నం భోజనం తెచ్చుకునే రేకు డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మూత తీశాడు. లోపల పాత తువ్వాలు. తువ్వాల్లో ముక్కలు. పది పన్నెండు ఉంటాయి, కొన్ని గోరంత, కొంత పొడి. ఒక ముక్క తీసి వెనక్కి తిప్పాను. ఇటుక లేదు. సిమెంటు కూడా సగం అక్కడక్కడా పెచ్చుల్లా ఉంది. పలకకూ సిమెంటుకూ మధ్య ఉలి దూర్చిన గాటు స్పష్టంగా కనపడింది.

అప్పుడు వెలిగింది. మా నాన్న మాట, పిడి ఊడిన మగ్గు, ఆ శుక్రవారం నేను మూసేసిన జాబితా, రెండో దానికి తట్టిన కిటుకు, అన్నీ ఒక్కసారే.

"పగులుతుందని నీకు తెలుసు" అన్నాను.

"తెలుసు."

"తెలిసే దాని మీద చెయ్యి పెట్టావు."

"ఇంకెవరి దాని మీద పెట్టను మార్జీ? నువ్వూ పేరు చెప్పలేకపోయావుగా."

"అందరి ముందూ నిన్ను అంత మాట అన్నాను. నోరు తెరిచి ఇదీ సంగతని ఒక్క ముక్క చెప్పచ్చుగా."

"చెబితే మిగతావాళ్ళు తమ పలక తీసుకెళ్ళేటప్పుడు నా మొహం చూడాల్సొచ్చేది. వాళ్ళనెందుకు బాధ పెట్టడం?" అన్నాడు. డబ్బా మూత వేలితో తుడుస్తూ, "గట్టిగా పెట్టింది నేను. పోతే మనది పోవాలి" అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని నలుగురికీ చెప్పేదాన్ని. ఆ రోజు నాకు చెప్పేవాళ్ళు లేరు. ఏడిచాను. వెండెల్ ఏడవలేదు. వాడి ఏడుపు జెల్ల చేప పగిలిన శనివారమే అయిపోయింది, ఒంటరిగా, ఎర్రటి పొడిలో.

"పిల్లలు ఫోటోలు తీశారుగా" అన్నాను కళ్ళు తుడుచుకుని. "నాలుగు వైపులా ఉన్నాయి. యంత్రం మీద పెడితే రెండు మూడు గంటల్లో అచ్చం అలాంటిదే వస్తుంది. సోమవారం దాకా యంత్రాలు ఇక్కడే ఉంటాయి."

"వస్తుంది. మంచి పిల్లలు, బాగానే చేస్తారు" అన్నాడు. తువ్వాల్లోంచి ఒక ముక్క ఏరి నా అరచేతిలో పెట్టాడు. జెల్ల చేప కన్ను. పగలకుండా మిగిలింది. పైన ఐదు రెప్ప వెంట్రుకలు, సన్నటి గాట్లు. "ఇవి గోటితో గీసింది. చూడు, ఇక్కడ గోరు విరిగి గీత వంకరపోయింది. ఆ రోజు ఏడుస్తా ఇంటికొచ్చింది, గోరు విరిగిందని."

ముక్క తిరిగి తీసుకుని తువ్వాల్లో పెట్టి, మూత వేశాడు.

"టిక్కు పెట్టు మార్జీ. ముట్టింది."

పెట్టాను. మూడు వందల పన్నెండు. వాడు డబ్బా చంకన పెట్టుకుని, మిగిలిన వసారా కూడా ఊడ్చి, తాళాలన్నీ వేసి, తాళం చెవులు నా పెన్సిళ్ళ మగ్గులో వేసి వెళ్ళాడు.

టెస్సా పలక ఇప్పుడు మా వంటింటి అరలో ఉంది. మీద పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ, బాగానే ఉంటుంది. కానీ నేను దాన్ని తిప్పి పెట్టాను, ఇటుక వైపు కనపడేలా. వచ్చినవాళ్ళు తిరగేసి పెట్టావేమని అడుగుతారు. ఇదే దీని మొహం అని చెబుతాను.